త్వరగా పైలట్ కావచ్చా?

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు, "పిల్లలు కూడా వస్తున్నారు, వాళ్ళకీ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని విమానం నడపడం నేర్చుకోవడం గురించి మాట్లాడదామని వచ్చాను. అందులోనూ, ఈమధ్య ప్రకటనల్లో తరచుగా కనిపిస్తున్న 'యాక్సిలరేటెడ్ ట్రైనింగ్', అంటే తక్కువ కాలంలో పూర్తి చేయిస్తామనే శిక్షణ గురించి.

నేను విమానం నడిపినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. గుమాస్తాకు విమానాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఇవాళ మన ఇళ్ళలో ఇంటర్ పాసైన మనవడో మనవరాలో పైలట్ అవుతానంటున్నారు. సంతోషమే. అయితే ఫీజు దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ తాతగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ వైపు చూస్తారు. కాబట్టి ఇది మన సభలో మాట్లాడుకోదగ్గ విషయమే.

ముందుగా ఈ తేదీ గురించి ఒక ముచ్చట. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తీర్పు చెప్పింది. అందుకే మనకు ఇది పండుగ. అదే డిసెంబరు 17న, 1903లో, అమెరికాలోని కిట్టీ హాక్ దగ్గర ఇసుక నేలల మీద రైట్ సోదరులు మొదటిసారి ఇంజనుతో విమానం ఎగరేశారు. మళ్ళీ అదే డిసెంబరు 17న, 1939లో, కెనడా రాజధాని ఒట్టావాలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. యుద్ధానికి కావలసిన పైలట్లను వేల సంఖ్యలో, వీలైనంత త్వరగా తయారు చేయడానికి చేసుకున్న ఒప్పందం అది. త్వరిత శిక్షణ అనే ఆలోచన అంత భారీ ఎత్తున అమలు జరిగిన సందర్భాల్లో అదొకటి. ఈ మూడు తేదీలూ కలవడం కేవలం కాకతాళీయం. అయినా నాకు మాట్లాడటానికి ఒక దారి దొరికింది.

రైట్ సోదరుల మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. కాని అంతకు ముందు ఏడాది, 1902లో, వాళ్ళు ఇంజను లేని గ్లైడరు మీద కొన్ని వందల సార్లు గాలిలోకి లేచి దిగారు. ముందు నడపడం నేర్చుకుని, తరువాత ఇంజను పెట్టుకున్నారు. ఆ 12 సెకన్ల వెనక అంత సాధన ఉంది.

ఇక 1939 ఒప్పందం. ఆ పథకం కింద ఒక్క కెనడాలోనే లక్షా ముప్పై వేల మందికి పైగా విమాన సిబ్బంది తయారయ్యారు. ప్రాథమిక స్కూల్లో సుమారు ఎనిమిది వారాలు, యాభై గంటల పైన ఎగరడం. తరువాత పెద్ద విమానాల మీద మరో స్కూలు. మన దేశంలోనూ ఆ యుద్ధకాలంలో ఇలాంటి స్కూళ్ళు వెలిశాయి. మన హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయంలో ప్రాథమిక విమాన శిక్షణ స్కూలు నడిచింది. కుర్రాళ్ళు అక్కడ టైగర్ మాత్ అనే రెండు సీట్ల, రెండు అంతస్తుల రెక్కల విమానాల మీద నేర్చుకుని, పై శిక్షణకు అంబాలా వెళ్ళేవారు.

అంత త్వరగా ఎలా నేర్పగలిగారు? నాకు అర్థమైనంతలో కారణాలు ఇవి. విద్యార్థికి వేరే పని ఉండేది కాదు. ఒకపూట పాఠం, ఒకపూట గాలిలో. వాన పడినా మబ్బు పట్టినా ఖాళీగా కూర్చోబెట్టకుండా లింక్ ట్రైనర్ అనే యంత్రంలో కూర్చోబెట్టేవారు. దాన్ని 1929 ప్రాంతంలో తయారు చేసిన ఎడ్విన్ లింక్, సంగీత వాద్యమైన ఆర్గాన్ తయారు చేసే ఇంటి నుంచి వచ్చినవాడు. ఆ వాద్యంలో గాలి తిత్తులు ఎలా పనిచేస్తాయో చూసినవాడు కాబట్టి, అవే తిత్తులతో నేల మీదే విమానంలా ఊగే డబ్బా తయారు చేశాడు. నేటి సిమ్యులేటర్లకు తాతగారు అదే. ఇవి కాక విమానాలు, మెకానిక్కులు కావలసినంత మంది. చివరిది, మాట కఠినమైనా, పనికిరాడని తేలినవాణ్ణి వెంటనే పైలట్ కోర్సు నుంచి తప్పించేవారు. ఇన్ని ఉన్నా శిక్షణలోనే ప్రాణాలు పోగొట్టుకున్న యువకులు ఎందరో ఉన్నారు.

దీన్నిబట్టి నేను గ్రహించింది ఒక్కటే. మంచి త్వరిత శిక్షణ అంటే గాలిలో గడపవలసిన గంటలను తగ్గించడం కాదు. ఆ గంటల మధ్య వృథాగా పోయే రోజులను తగ్గించడం. ఈ రెంటికీ తేడా తెలిస్తే ప్రకటనల్లో ఏది నిజమో ఏది బూటకమో సగం తేలిపోతుంది.

మనలో చాలామంది టైపు నేర్చుకున్నవాళ్ళమే. లోయర్ పరీక్షకు రోజూ గంట చొప్పున వెళ్ళినవాడికి వేళ్ళు వాటంతటవే అక్షరాల మీదికి పోయేవి. వారానికి ఒక్కరోజు వెళ్ళినవాడికి, వెళ్ళిన ప్రతిసారీ మొదటి అరగంట పాతపాఠం గుర్తు తెచ్చుకోవడానికే సరిపోయేది. విమానం కూడా అంతే. నెలకు రెండు మూడు సార్లు ఎగిరే విద్యార్థి ప్రతిసారీ మరిచిపోయింది మళ్ళీ నేర్చుకోవాలి, ఆ గంటకూ డబ్బు కట్టాలి. వరసగా ఎగిరితే గంటలూ తగ్గుతాయి, ఖర్చూ తగ్గుతుంది. అమెరికాలో సొంత సరదాకు నడుపుకునే ప్రైవేటు లైసెన్సుకు చట్టం ప్రకారం సాధారణంగా కనీసం 40 గంటలు చాలు. కాని తీరిక దొరికినప్పుడల్లా నేర్చుకునే వారికి చాలామందికి అరవై దాటుతుంది. అందుకే అక్కడ కొన్ని స్కూళ్ళు, రాత పరీక్ష ముందే పాసై రండి, కొన్ని వారాలు మరే పనీ పెట్టుకోకండి, రోజూ ఎగరండి అంటాయి. ఆ పద్ధతిలో తప్పు లేదు. అరిజోనా వంటి చోట్ల ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం నిర్మలంగా ఉండటం కూడా వారికి కలిసొచ్చింది.

మన దేశం సంగతికి వద్దాం. ఉద్యోగానికి పనికొచ్చేది కమర్షియల్ పైలట్ లైసెన్సు. దానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడై నడపాలి. ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్ళే ప్రయాణాలు 20 గంటలు ఉండాలి. అందులో ఒకటి 300 నాటికల్ మైళ్ళకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకుండా, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగి లేవాలి. రాత్రి పూట 5 గంటలు, బయటికి చూడకుండా పరికరాలు మాత్రమే చూసి నడిపేవి 10 గంటలు. వీటితో పాటు డీజీసీఏ వారి రాత పరీక్షలు: దారి లెక్కలు, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు. నూటికి డెబ్బై వస్తేనే పాసు. రేడియోలో మాట్లాడేందుకు వేరే లైసెన్సు.

ఇప్పుడు గుమాస్తా లెక్క ఒకటి వేద్దాం. కాగితం, పెన్సిలు చాలు. రోజుకు గంటన్నర చొప్పున ఎగిరితే 200 గంటలకు 134 రోజులు కావాలి. వానలు, పొగమంచు, గాలులు, రిపేర్లు పోను వారానికి నాలుగు రోజులు ఎగిరే వీలుంటే దాదాపు 34 వారాలు, అంటే ఎనిమిది నెలలు. ఇది అన్నీ సజావుగా సాగితే. రాత పరీక్షలు, వైద్య పరీక్షలు, లైసెన్సు కాగితాలు దీనికి అదనం. కాబట్టి ఏమీ రాని పిల్లవాణ్ణి ఆరు నెలల్లో కమర్షియల్ పైలట్‌ను చేస్తామని ఎవరైనా అంటే, వారానికి దాదాపు ఎనిమిది గంటలు, ఒక్క వారం కూడా తప్పకుండా ఎలా ఎగరేయిస్తారో లెక్క చూపించమని అడగండి.

ఇంకో లెక్క. ఉదాహరణకు ఒక స్కూల్లో పది విమానాలున్నాయనుకోండి. నాలుగు షెడ్డులో ఉన్నాయి, ఆరు ఎగురుతున్నాయి. ఒక్కొక్కటి రోజుకు అయిదు గంటలు తిరిగితే మొత్తం ముప్పై గంటలు. విద్యార్థులు అరవై మంది. అంటే తలకు అరగంట. నెలకు ఇరవై రోజులు ఎగిరినా పది గంటలే. 200 గంటలకు ఇరవై నెలలు పడుతుంది. బ్రోచరులో ఎంత అందంగా రాసినా ఈ భాగహారం మారదు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ ఉద్యోగి కొడుకు ఇలాంటి చోటే చేరాడు. ఏడాదిన్నర అన్న కోర్సు మూడున్నరేళ్ళు పట్టింది. ఫీజు మొత్తం మొదటి నెలలోనే కట్టేశారు కాబట్టి మధ్యలో వదిలి రాలేకపోయారు. హాస్టలు ఖర్చు మాత్రం నెలనెలా పెరిగింది.

సరే, గంటలు పూర్తయితే పైలట్ అయిపోయినట్టేనా? ఇక్కడ ఒక విచారకరమైన సంఘటన చెప్పాలి. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో నగరం దగ్గర ఒక చిన్న ప్రయాణికుల విమానం దిగబోతూ కూలింది. అందులో ఉన్న 49 మంది, నేల మీద ఉన్న మరొకరు, మొత్తం 50 మంది మరణించారు. విమానం వేగం బాగా తగ్గితే రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది. దాన్ని స్టాల్ అంటారు. అలాంటప్పుడు ముక్కు కిందికి దించి వేగం పెంచుకోవాలి. కాని కింద పడిపోతున్నామన్న భయంలో మనిషి సహజంగా కర్రను తనవైపు లాగుతాడు. లాగితే ముక్కు ఇంకా పైకి లేచి, ఉన్న పట్టు కూడా పోతుంది. ఆ రోజు కెప్టెన్ చేసింది అదేనని విచారణలో తేలింది. ఆ తరువాత అమెరికాలో చట్టం మార్చి, 2013 నుంచి ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. అయితే ఆ విమానంలోని ఇద్దరు పైలట్లకూ అంతకంటే ఎక్కువ గంటలే ఉన్నాయి. కాబట్టి గంటల సంఖ్యతో పాటు, ఆ గంటల్లో ఏం నేర్చుకున్నారన్నది కూడా చూడాలి.

భయం వేసినప్పుడు చేయి చేసే పనిని మాన్పించి, చేయవలసిన పనిని అలవాటు చేయడమే విమాన శిక్షణలోని అసలు సారం. దానికి పదేపదే అదే పాఠం, పక్కన ఓర్పు గల శిక్షకుడు, రాత్రి మంచి నిద్ర కావాలి. రోజూ ఎగరడం మంచిదన్నాను కదా అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎగరేస్తే బుర్రకు ఎక్కదు. "ఆలస్యం అమృతం విషం" అన్నవాళ్ళే "నిదానమే ప్రధానం" అని కూడా అన్నారు. విమానం నేర్చుకునేవాడికి రెండు సామెతలూ కావాలి. మొదటిది క్యాలెండరుకు, రెండోది కాక్‌పిట్‌కు.

పైలట్లకు లాగ్‌బుక్ అని ఒకటుంటుంది. ఏ రోజు, ఏ విమానం, ఎన్ని గంటలు, ఎవరితో, అన్నీ అందులో రాయాలి. మన సర్వీసు రిజిస్టరు లాంటిదన్నమాట. రిజిస్టరులో ఒక్క ఎంట్రీ తేడా ఉంటే పెన్షను ప్రతిపాదనలు ఎన్ని నెలలు తిరిగొచ్చేవో మనకు తెలుసు. 2011లో మన దేశంలో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు సంపాదించిన కొందరు పైలట్లు అరెస్టయ్యారు. త్వరగా అయిపోవాలన్న ఆత్రం ఎక్కడికి తీసుకుపోతుందో దానివల్ల తెలుస్తుంది. ఎగరని గంటలు రాసి ఇస్తామనే చోటు ఎంత చవకైనా ఆ గడప తొక్కవద్దు. ఆ రాత ఏదో ఒకనాడు పిల్లల మెడకు చుట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, రేపు వాళ్ళ వెనక నూట ఎనభై మంది కూర్చుంటారు.

మా ఇంట్లోనూ ఈ విషయం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా మనవరాలు పందొమ్మిదేళ్ళది. ఒక స్కూలు బ్రోచరు తెచ్చి, "తాతయ్యా, వీళ్ళు చాలా తొందరగా చేయిస్తారట" అంది. నేను వద్దనలేదు, సరేననీ అనలేదు. "ఫైలు తెరుద్దామమ్మా" అన్నాను. ఇద్దరం కూర్చుని ప్రశ్నలు రాశాం. ఆ అమ్మాయే ఫోను చేసి అడిగింది. హాస్టల్లో వైఫై ఉందని, ఉద్యోగాలకు సాయం చేస్తామని అన్నీ చెప్పారు. గత మూడు నెలల్లో ఒక్కో విద్యార్థి సగటున ఎన్ని గంటలు ఎగిరాడన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. మరో స్కూలు వాళ్ళు ఆ లెక్క కాగితం మీద రాసిచ్చారు. పద్నాలుగు నెలలు పట్టవచ్చని ముందే చెప్పారు. అక్కడే చేరింది. తొమ్మిది నెలల్లో 118 గంటలు పూర్తయ్యాయి. రాత పరీక్షలు చేరకముందే ఇంట్లో కూర్చుని పాసయింది. ఆ పరీక్షల రోజుల్లో వాతావరణ శాస్త్రం పాఠాలు నాకు చెప్పించుకునే వంతు వచ్చింది. ఇప్పుడు మబ్బు చూస్తే దాని పేరు చెప్పగలను.

మా ఫైల్లోని ప్రశ్నలు మీకూ చదువుతాను. కావలసినవారు రాసుకోండి.

ఒకటి. డబ్బు కట్టక ముందే వైద్య పరీక్ష అయిందా? ముందు క్లాస్ 2, తరువాత క్లాస్ 1 సర్టిఫికెట్ ఉంటాయి. కళ్ళజోడు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు. రంగులు గుర్తించడంలో లోపం వంటివి ఉంటే ముందే తెలియాలి.

రెండు. ఇవాళ ఎగరగలిగిన విమానాలు ఎన్ని, శిక్షకులు ఎందరు, విద్యార్థులు ఎందరు? సంఖ్యలు విడివిడిగా అడగండి.

మూడు. గత మూడు నెలల్లో ఒక్కో విద్యార్థి సగటున ఎన్ని గంటలు ఎగిరాడు? నిరుటి బ్యాచ్ ఎంత కాలంలో పూర్తి చేసింది? వీలైతే హాస్టలుకు వెళ్ళి పిల్లలనే అడగండి, ఆఫీసులో కాదు.

నాలుగు. ఆ స్కూలుకు డీజీసీఏ అనుమతి ఉందా? 2025 నుంచి డీజీసీఏ వారు ఫ్లయింగ్ స్కూళ్ళకు శ్రేణులు ఇవ్వడం మొదలుపెట్టారు. అది కూడా చూడండి. ప్రభుత్వ రంగంలో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ జాతీయ సంస్థ ఉంది. దాని ప్రవేశ పరీక్ష కూడా రాయించండి.

అయిదు. విదేశాల్లో చేయిస్తే, ఆ లైసెన్సు మన దేశంలో నేరుగా చెల్లదు. ఇక్కడి పరీక్షలు రాసి మార్పిడి చేయించుకోవాలి. దానికి పట్టే కాలం, ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆరు. ఫీజు వాయిదాల్లో కట్టవచ్చా? ఎగిరిన గంటలకే కట్టే ఏర్పాటు ఉందా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు? నోటిమాట కాదు, కాగితం మీద కావాలి.

ఏడు. లైసెన్సు వచ్చాక ఇంకేం ఖర్చుంది? పెద్ద విమానాలకు 'టైప్ రేటింగ్' అని వేరే శిక్షణ ఉంటుంది. టైప్ అనగానే నాకు మా ఆఫీసు రెమింగ్టన్ మిషను గుర్తొచ్చింది కాని, ఇది ఫలానా రకం విమానం నడపడానికి అర్హత. దానికీ లక్షలు కావాలి. లైసెన్సు రాగానే ఉద్యోగం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఎయిర్‌లైన్స్ ఒక ఏడాది వందల మందిని తీసుకుంటే, మరో ఏడాది గుమ్మం మూసేస్తాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అది కళ్ళారా చూశాం.

చివరగా డబ్బు మాట. మొత్తం ఖర్చు చాలా చోట్ల అర కోటి రూపాయల పైమాటే. మనం రిటైరైనప్పుడు పెన్షనులో కొంత భాగం కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకున్నాం. దానికి బదులుగా పదిహేనేళ్ళు నెలనెలా తగ్గించుకున్నాం. ముందుగా చేతికొచ్చిందాని లెక్క వెనక తీర్చవలసిందే కదా. పిల్లల కోర్సు త్వరగా ముగించాలని ఉన్నదంతా ఒకేసారి ధారపోస్తే, దాని లెక్క మన మందుల బిల్లుల దగ్గర తేలుతుంది. కాబట్టి నా సలహా ఇది. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టవద్దు. దంపతులిద్దరి వైద్యానికి, రెండేళ్ళ ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన పెట్టండి. మిగిలిన దాంట్లో ఇవ్వగలిగింది వాయిదాల్లో ఇవ్వండి. విద్యార్థి పేరు మీద బ్యాంకు రుణం కొంత ఉండనివ్వండి. బాధ్యత తెలుస్తుంది. నేనూ అలాగే చేశాను. మా ఆవిడ పేరు మీది డిపాజిట్ ముట్టుకోలేదు. "అది నా విమానం, దాన్ని నేల మీదే ఉంచండి" అని ఆవిడ ముందే చెప్పేసింది.

పిల్లలకు ఒక మాట. మీ తాతలు లెక్కలు అడిగితే అడ్డుపడుతున్నారని అనుకోకండి. విమానం లేవకముందు పైలట్ కూడా ఇంధనం నుంచి తలుపుల దాకా ఒక్కొక్కటీ పైకి చదివి సరిచూసుకుంటాడు. మేమూ ఆ పనే చేస్తున్నాం.

పెన్షను మన హక్కని ఈ రోజునే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సొమ్ము ఎక్కడ పెట్టాలో ప్రశ్నించి తెలుసుకోవడం కూడా మన హక్కే. మన సభ్యుల ఇళ్ళలో ఎవరైనా ఈ చదువుకు సిద్ధమవుతుంటే, ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు తీసుకురండి. మా మనవరాలు సెలవుకు వచ్చినప్పుడు తన లాగ్‌బుక్ తెచ్చి చూపిస్తానంది. మిగిలిన రోజుల్లో ప్రశ్నల కాగితంతో నేనుంటాను.